ఆక్సిటోసిన్ – న్యూరోఫైసిన్ బంధం: కంప్యూటర్ నమూనా నుంచి పశువుల కొట్టం వరకు

సారాంశం

పాలు చేపడానికి కారణమైన ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్ హార్మోను. మెదడులో తయారైనప్పటి నుంచి పీయూష గ్రంథి వెనుక భాగంలో విడుదలయ్యే వరకు న్యూరోఫైసిన్ అనే వాహక ప్రోటీన్ దానిని పట్టి ఉంచుతుంది. రక్తంలో చేరగానే ఈ రెండూ విడిపోతాయి. ఈ బంధాన్ని కంప్యూటర్‌లో నమూనాగా నిర్మించే పద్ధతిని, అందులో తరచుగా జరిగే పొరపాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక అణువు మరొక అణువును ఎంత గట్టిగా పట్టుకుంటుందనే అంకె ఒక్కటే జీవక్రియను నిర్ణయించదు. ఆ చోటి ఆమ్లత, గాఢత, గ్రాహకం ఉండటం లేదా లేకపోవడం కూడా అంతే ముఖ్యం. ఈ అవగాహన లేకుండా డాకింగ్ ఫలితాలను సిఫారసులుగా మార్చకూడదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలోని పాడి రైతులకు, కూరగాయల రైతులకు ఈ విషయం ఏ విధంగా సంబంధించినదో చివరి భాగాలలో చర్చించబడింది.

ఉపోద్ఘాతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. జూరాల ఆయకట్టులో వరి, నడిగడ్డలో విత్తన పత్తి, యాసంగిలో వేరుశనగ ఇక్కడి ప్రధాన పంటలు. పంట చేతికి వచ్చే వరకు ఇంటి ఖర్చులకు ఆసరాగా నిలిచేది ఒకటి రెండు పాడి పశువులే. నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతంలో ఒంటిపై పొడలు గల పొడ తూర్పు జాతి పశువులు ఉన్నాయి. ఈ జాతికి 2020లో జాతీయ స్థాయి గుర్తింపు లభించింది. పొడ తూర్పు ప్రధానంగా సేద్యపు జాతి. దాని ఆవు దూడ పొదుగును తాకనిదే సులువుగా చేపదు. స్థానికంగా బర్రెగా పిలిచే గేదె విషయంలోనూ దూడ చనిపోయినప్పుడు ఇదే సమస్య ఎదురవుతుంది. పొదుగు నిండుగా ఉన్నా గేదె పాలు ఎగబడుతుంది. ఆ పరిస్థితిలో రైతుకు సులభంగా కనిపించే మార్గం ఆక్సిటోసిన్ సూది.

రైతు వేదిక సమావేశాలలో విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు సాధారణంగా మూడు ప్రశ్నలు వస్తాయి. సూది వేయడం వల్ల పశువుకు హాని ఉందా? ఆ పాలు తాగిన వారికి హాని ఉందా? అదే మందును సొరకాయకు, పుచ్చకాయకు ఎక్కిస్తే కాయ పెరుగుతుందన్న మాట నిజమేనా? మరోవైపు, విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలో ఏదో ఒక మొక్క రసాయనాన్ని ఏదో ఒక ప్రోటీన్‌తో కంప్యూటర్‌లో జతపరచి, వచ్చిన అంకెను బట్టి పాల దిగుబడి పెరుగుతుందని నిర్ణయించే ధోరణి కనిపిస్తున్నది. రైతుల ప్రశ్నలకు, విద్యార్థుల ఈ పొరపాటుకు మూలం ఒకటే. అణువుల మధ్య బంధం ఎక్కడ, ఏ పరిస్థితిలో, ఎంతసేపు నిలుస్తుందన్నది రెండు చోట్లా విస్మరించబడుతున్నది.

హార్మోను, దాని వాహకం

పీయూష గ్రంథి వెనుక భాగపు రసానికి పాలను బయటికి రప్పించే గుణం ఉన్నదని 1910లో ఆట్, స్కాట్ అనే శాస్త్రవేత్తలు మేకలలో గమనించారు. ఆ గుణానికి కారణమైన ఆక్సిటోసిన్‌ను 1953లో విన్సెంట్ డు విగ్నో ప్రయోగశాలలో సంశ్లేషించారు. ఆ విధంగా తయారైన మొదటి పెప్టైడ్ హార్మోను ఇదే. ఈ కృషికి ఆయనకు 1955లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఆక్సిటోసిన్‌లో వరుసగా సిస్టీన్, టైరోసిన్, ఐసోల్యూసిన్, గ్లుటమిన్, ఆస్పరజిన్, సిస్టీన్, ప్రోలిన్, ల్యూసిన్, గ్లైసిన్ అనే తొమ్మిది అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఒకటవ, ఆరవ స్థానాలలోని సిస్టీన్లు గంధకపు బంధంతో కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. మిగిలిన మూడు అమైనో ఆమ్లాలు ఆ వలయానికి తోకవలె ఉంటాయి.

ఈ హార్మోను విడిగా తయారుకాదు. హైపోథలామస్‌లోని నాడీకణాలలో 125 అమైనో ఆమ్లాల పొడవైన పూర్వగామి ప్రోటీన్ మొదట తయారవుతుంది. అందులో మొదటి 19 దారిచూపే భాగం, తరువాతి 9 ఆక్సిటోసిన్, ఆపై 3 కోత గుర్తు, మిగిలిన 94 న్యూరోఫైసిన్. అంటే హార్మోను, దాని వాహకం ఒకే జన్యువు నుంచి, ఒకే గొలుసుగా పుడతాయి. కణంలో ఆ గొలుసు తెగిన తరువాత కూడా రెండూ విడిపోక, ఒకదానినొకటి పట్టుకొని స్రావక కణికలలో నిలువ ఉంటాయి. ఆ కణికలు నాడీతంతువుల గుండా ప్రయాణించి పీయూష గ్రంథి వెనుక భాగానికి చేరతాయి.

వాహకం అనే పదం ఇక్కడ కొంత అపార్థానికి దారితీయవచ్చు. థైరాక్సిన్ వంటి హార్మోన్లను రక్తంలో మోసుకుపోయే ప్రోటీన్లు ఉన్నాయి. న్యూరోఫైసిన్ ఆ కోవకు చెందదు. అది మోసేది నాడీకణం లోపలి ప్రయాణం పొడవునా మాత్రమే. రక్తంలో దానికి ఆ బాధ్యత లేదు. పూర్వగామి గొలుసు సరిగా ముడుచుకోవడానికి కూడా న్యూరోఫైసిన్ భాగం అవసరం. వాసోప్రెసిన్ అనే సోదర హార్మోను జన్యువులో న్యూరోఫైసిన్ భాగంలో లోపం ఏర్పడిన కుటుంబాలలో అతిమూత్ర వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. హార్మోను భాగం చెక్కుచెదరకపోయినా వాహక భాగం దెబ్బతింటే గొలుసు మొత్తం కణంలోనే చిక్కుకుపోతుంది.

స్ఫటిక నిర్మాణం తెలిపినది

ఏ నమూనాకైనా ప్రయోగం ద్వారా లభించిన నిర్మాణమే పునాది. ఆవు న్యూరోఫైసిన్‌కు ఒక చిన్న డైపెప్టైడ్ అతుక్కున్న స్ఫటిక నిర్మాణం 1991లో, ఆక్సిటోసిన్ మొత్తం అతుక్కున్న నిర్మాణం 1996లో ప్రచురితమయ్యాయి. రెండవది ప్రోటీన్ డేటా బ్యాంకులో 1ఎన్‌పీఓ అనే సంకేతంతో లభిస్తుంది. దాని స్పష్టత 3 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ స్థాయిలో గొలుసు దారి, ప్రధాన సంబంధాలు తెలుస్తాయి. ప్రతి నీటి అణువు స్థానాన్ని మాత్రం దీనిని బట్టి నమ్మకంగా చెప్పలేము.

ఈ నిర్మాణాల నుంచి మూడు అంశాలు గ్రహించాలి. మొదటిది, హార్మోనులో ప్రధానంగా మొదటి మూడు అమైనో ఆమ్లాల భాగమే వాహకానికి ఆనుకొని ఉంటుంది. రెండవ స్థానంలోని టైరోసిన్ పక్క గొలుసు వాహకంలోని ఒక గుంటలో ఇమిడిపోతుంది. రెండవది, మొదటి సిస్టీన్‌కు చెందిన ధనావేశపు అమైనో సమూహం, న్యూరోఫైసిన్ 47వ స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లపు రుణావేశంతో విద్యుదావేశ బంధం ఏర్పరుస్తుంది. బంధానికి ఇదే ఆయువుపట్టు. మూడవది, న్యూరోఫైసిన్‌లో ఏడు గంధకపు బంధాలు ఉండటం వల్ల అది బిగువైన ప్రోటీన్. అయినా రెండేసి అణువులు జతకట్టే గుణం దానికి ఉన్నది. హార్మోను అతుక్కున్నప్పుడు ఆ జతకట్టడం మరింత బలపడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1ఎన్‌పీఓలో ఉన్నది న్యూరోఫైసిన్-2. అది సహజంగా వాసోప్రెసిన్‌కు తోడు. ఆక్సిటోసిన్ సహజ తోడు న్యూరోఫైసిన్-1. రెండు హార్మోన్లలోనూ మొదటి రెండు అమైనో ఆమ్లాలు ఒకటే కావడం, రెండు వాహకాలలోనూ బంధ స్థలం చాలావరకు ఒకే విధంగా ఉండటం వల్ల ప్రతి వాహకం రెండు హార్మోన్లనూ పట్టుకోగలదు. ఈ తేడాను నివేదికలో స్పష్టంగా నమోదు చేయాలి.

నమూనా నిర్మాణ క్రమం

పోలండ్‌లోని గ్డాన్స్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలోనే న్యూరోఫైసిన్‌తో ఈ హార్మోన్ల బంధాన్ని కంప్యూటర్ నమూనాల ద్వారా పరిశీలించారు. నాడు పెద్ద ప్రయోగశాలలకే పరిమితమైన ఈ పని నేడు సాధారణ కంప్యూటర్‌పై కూడా సాధ్యమే. అందుకు నాలుగు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు, నిర్మాణాన్ని శుద్ధి చేయడం. స్ఫటిక నిర్మాణంలో లేని హైడ్రోజన్ పరమాణువులను చేర్చాలి. కనిపించని గొలుసు భాగాలను గుర్తించాలి. గంధకపు బంధాలు సరైన జంటల మధ్యనే ఉన్నాయో లేదో సరిచూడాలి. రెండవ మెట్టు, ఆవేశాలను నిర్ణయించడం. ఏ సమూహంపై ప్రోటాన్ ఉన్నది, దేనిపై లేదు అన్నది ఇక్కడే తేలుతుంది. మూడవ మెట్టు డాకింగ్. ప్రోగ్రామ్ హార్మోనును వాహకపు గుంటలో అనేక భంగిమలలో ఉంచి, ఒక్కొక్క భంగిమకు ఒక అంకె ఇస్తుంది. నాల్గవ మెట్టు అణు గతిశాస్త్ర అనుకరణ. నీరు, లవణాల మధ్య ఆ సంక్లిష్టాన్ని కదలనిచ్చి, బంధం నిలుస్తుందో సడలుతుందో చూడటం దీని ఉద్దేశం.

ఆక్సిటోసిన్ వంటి పెప్టైడ్‌కు మూడవ మెట్టులో ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. ఆటోడాక్ వీనా వంటి ప్రోగ్రామ్‌లు చిన్న మందు అణువులను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. అవి వలయాలను సాధారణంగా బిగువైనవిగా పరిగణిస్తాయి. ఆక్సిటోసిన్‌లోని 20 పరమాణువుల వలయం బిగువైనది కాదు. కాబట్టి వలయపు వేర్వేరు ఆకృతులను ముందుగా అనుకరణ ద్వారా తయారుచేసుకొని, ఒక్కొక్కదానిని విడిగా డాకింగ్ చేయడం మేలు. హ్యాడాక్ వంటి ప్రోగ్రామ్‌లు ప్రయోగ సమాచారాన్ని నియమాలుగా స్వీకరిస్తాయి కనుక పెప్టైడ్‌లకు అవి ఎక్కువ అనుకూలం. ఆల్ఫాఫోల్డ్ నిర్మాణాన్ని బాగానే ఊహిస్తుంది కాని, దానికి ఆమ్లతను తెలియజేసే వీలు లేదు. ఈ వ్యాసానికి కేంద్రమైన ప్రశ్న ఆ ఆమ్లతకు సంబంధించినదే.

ఒక ప్రోటాన్ లెక్క

స్రావక కణిక లోపలి పీహెచ్ సుమారు 5.5. రక్తపు పీహెచ్ 7.4. ఆక్సిటోసిన్ మొదటి అమైనో సమూహపు పీకేఏ విలువ సుమారు 6.3. సాధారణ పెప్టైడ్‌ల చివరి అమైనో సమూహాల కంటే ఇది బాగా తక్కువ. ఈ అంకెలను హెండర్సన్–హాసెల్‌బాక్ సమీకరణంలో ఉంచితే ఫలితం ఈ విధంగా ఉంటుంది.

పీహెచ్ 5.5 వద్ద ప్రోటాన్ కలిగిన, అంటే ధనావేశం గల అణువుల వంతు 86 శాతం. పీహెచ్ 7.4 వద్ద ఆ వంతు 7 శాతం మాత్రమే. విద్యుదావేశ బంధానికి ధనావేశం తప్పనిసరి కనుక, ఆమ్లత మార్పు ఒక్కదానితోనే బంధ బలం సుమారు 12 రెట్లు తగ్గుతుంది. పీహెచ్ 5.5 కంటే బాగా దిగువకు పోతే వాహకంలోని గ్లుటామిక్ ఆమ్లం కూడా ప్రోటాన్‌ను స్వీకరించి రుణావేశాన్ని కోల్పోతుంది. అప్పుడు కూడా బంధం సడలుతుంది. అందువల్లనే ఈ బంధం స్వల్ప ఆమ్ల పరిస్థితిలో గరిష్ఠంగా ఉండి, ఇరువైపులా తగ్గుతుంది.

అయితే డాకింగ్‌కు సిద్ధంచేసే ప్రోగ్రామ్‌లు పెప్టైడ్ చివరి అమైనో సమూహానికి అడగకుండానే ధనావేశం ఇస్తాయి. సాధారణ పెప్టైడ్‌లకు అది సరైనదే. ఆక్సిటోసిన్‌కు రక్తపు పీహెచ్ వద్ద అది సరికాదు. విద్యార్థి ఈ విషయం గమనించకపోతే, రక్తంలోనూ కణికలోనూ బంధం ఒకే బలంతో ఉన్నట్లు కంప్యూటర్ చూపుతుంది. ప్రోగ్రామ్‌లో దోషం ఉండదు. అడిగిన ప్రశ్నలోనే దోషం ఉంటుంది. సాధారణ అణు గతిశాస్త్ర అనుకరణలో కూడా మొదట ఇచ్చిన ప్రోటాన్లు చివరి వరకు మారవు. కనుక ఆవేశం గల రూపానికి, ఆవేశం లేని రూపానికి విడివిడిగా అనుకరణ నడపాలి. లేదా స్థిర పీహెచ్ పద్ధతిని అనుసరించాలి.

పలచబడటం: పెద్ద కారణం

ఆమ్లత లెక్క తెలిసిన తరువాత, రక్తంలో హార్మోను విడిపోవడానికి పీహెచ్ మార్పే కారణమని నిర్ణయించాలని అనిపిస్తుంది. లెక్క చేసి చూస్తే ఆ నిర్ణయం తొందరపాటని తేలుతుంది.

బంధపు విఘటన స్థిరాంకాన్ని కణిక ఆమ్లత వద్ద 10 మైక్రోమోలార్‌గా తీసుకుందాం. ఇది ఈ బంధపు బలానికి దగ్గరైన స్థాయి. 38.5 డిగ్రీల సెల్సియస్ పశు శరీర ఉష్ణోగ్రత వద్ద ఇది మోల్‌కు సుమారు మైనస్ 7.1 కిలోకాలరీల శక్తికి సమానం. కణికలో హార్మోను, వాహకం సమపాళ్లలో 10 మిల్లీమోలార్ చొప్పున ఉన్నాయనుకుంటే, 97 శాతం హార్మోను బంధంలో ఉంటుంది. గాఢత మార్చకుండా పీహెచ్ మాత్రమే 7.4కు పెంచి, స్థిరాంకాన్ని 12 రెట్లు చేస్తే, బంధంలో ఉండే వంతు 90 శాతానికి మాత్రమే తగ్గుతుంది. అంటే ఆమ్లత ఒక్కటే మారితే హార్మోనులో అధిక భాగం వాహకాన్ని విడువదు.

ఇప్పుడు పీహెచ్ మార్చకుండా గాఢతను రక్త స్థాయికి, అంటే సుమారు 100 పికోమోలార్‌కు తగ్గిద్దాం. ఇది 10 కోట్ల రెట్ల పలచబడటం. బంధంలో మిగిలేది లక్షలో ఒక వంతు. కాబట్టి హార్మోను విడుదలకు ప్రధాన కారణం రక్తంలో పలచబడటమే. ఆమ్లత మార్పు దానికి తోడ్పడుతుంది. కణికలో గట్టిగా నిలువ ఉండటం, బయటికి వచ్చిన క్షణంలో స్వేచ్ఛ పొందడం అనే రెండు విరుద్ధ అవసరాలను ఒక మధ్యరకం బలంగల బంధం తీరుస్తున్నది. బంధం ఇంకా వెయ్యి రెట్లు గట్టిగా ఉన్నా రక్తంలో విడుదల జరుగుతుంది కాని, అవసరానికి మించిన బిగువు వల్ల ప్రయోజనం లేదు.

డాకింగ్ అంకె ఒక్కటే ఈ సంగతి చెప్పలేదు. పైగా ఆ అంకెలో మోల్‌కు 2 కిలోకాలరీల పొరపాటు సాధారణం. శరీర ఉష్ణోగ్రత వద్ద 1.4 కిలోకాలరీల తేడా అంటే స్థిరాంకంలో 10 రెట్ల తేడా. 2 కిలోకాలరీలు అంటే సుమారు 25 రెట్లు. మైనస్ 7.1 వచ్చిన అణువు కంటే మైనస్ 7.9 వచ్చిన అణువు మేలైనదని నిర్ణయించడం, రాళ్లు తూచే కాటాతో బంగారం తూచడం వంటిది.

నమూనాకు పెట్టవలసిన పరీక్షలు

డాకింగ్ ప్రోగ్రామ్‌కు లేదు అని చెప్పే అలవాటు లేదు. ఏ రెండు అణువులను ఇచ్చినా అది ఏదో ఒక భంగిమను, ఏదో ఒక అంకెను ఇస్తుంది. అందువల్ల నమూనాను నమ్మే ముందు కనీసం మూడు పరీక్షలు పెట్టాలి.

మొదటిది పునఃస్థాపన పరీక్ష. స్ఫటికంలోని హార్మోనును తీసివేసి, ప్రోగ్రామ్ ద్వారా తిరిగి అమర్చాలి. అసలు స్థానానికి, అమరిన స్థానానికి మధ్య తేడా 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండాలి. తోక భాగం వాహకానికి ఆనుకొని ఉండదు కనుక, మొదటి మూడు అమైనో ఆమ్లాలకు ఈ తేడాను విడిగా లెక్కించడం సబబు.

రెండవది ప్రతికూల పరీక్ష. టైరోసిన్ స్థానంలో అలనిన్ ఉంచితే బంధం బలహీనపడాలి. మొదటి అమైనో సమూహం లేని డీఅమైనో ఆక్సిటోసిన్‌ను ఇస్తే బంధం దాదాపు పోవాలి. ప్రయోగాలలో జరిగేది ఇదే. నమూనా ఈ తేడా చూపలేకపోతే, అసలు ఆక్సిటోసిన్‌కు అది ఇచ్చిన చక్కని అంకెకు కూడా విలువ లేదు.

మూడవది ఆవేశ పరీక్ష. అమైనో సమూహాన్ని ధనావేశంతో ఒకసారి, ఆవేశం లేకుండా ఒకసారి నడిపి, తేడాను పట్టికలో చూపాలి. ఏ పీహెచ్‌కు ఏ రూపం ఎంత శాతం వర్తిస్తుందో పక్కనే రాయాలి.

వాహక బంధం వేరు, హార్మోను చర్య వేరు

డీఅమైనో ఆక్సిటోసిన్ మరొక ముఖ్యమైన పాఠం నేర్పుతుంది. అది న్యూరోఫైసిన్‌కు అతుక్కోదు. అయినా గర్భాశయంపైనా పొదుగుపైనా శక్తివంతంగా పనిచేస్తుంది. ఎందుకంటే పొదుగులో హార్మోనును అందుకునేది న్యూరోఫైసిన్ కాదు, ఆక్సిటోసిన్ గ్రాహకం. అది కణపొరలో ఇమిడి ఉండే వేరొక ప్రోటీన్. వాహకానికి మొదటి అమైనో సమూహం ప్రాణం. గ్రాహకానికి అది తప్పనిసరి కాదు.

కాబట్టి ఒక అణువు న్యూరోఫైసిన్‌కు బాగా అతుక్కుంటుందని చూపి, అది పాలు చేపిస్తుందని చెప్పడం తర్కానికి నిలువదు. గ్రాహకానికి అతుక్కుంటుందని చూపినా సరిపోదు. అతుక్కొని గ్రాహకాన్ని ప్రేరేపిస్తుందా లేక దానికి అడ్డుపడుతుందా అన్నది డాకింగ్ అంకె చెప్పదు. నోటి ద్వారా ఇచ్చిన పదార్థం జీర్ణాశయాన్ని, రక్తాన్ని దాటి పొదుగు వరకు చేరుతుందా అన్నది ఇంకొక ప్రశ్న.

పశువుల కొట్టంలో

పొదుగులో పాలు రెండు చోట్ల ఉంటాయి. సన్నని తిత్తులలో ఉన్నవి కొన్ని, చనుకట్ల పైనున్న తొట్టి భాగంలోకి దిగినవి కొన్ని. ఆవులో సుమారు 20 శాతం పాలు తొట్టి భాగంలో ఉంటాయి. గేదెలో అది సుమారు 5 శాతం మాత్రమే. మిగిలిన పాలు తిత్తుల నుంచి దిగాలంటే ఆక్సిటోసిన్ వచ్చి, తిత్తులను చుట్టి ఉన్న కణాలను సంకోచింపజేయాలి. గేదె చేపకపోతే పాలు దాదాపు రాకపోవడానికి కారణం ఇదే. అది పశువు మొండితనం కాదు, పొదుగు నిర్మాణం.

దూడ చీకడం, గోరువెచ్చని నీటితో పొదుగు కడగడం, చేతితో మర్దన చేయడం, దాణా గిన్నె చప్పుడు వంటివి మెదడుకు చేరి, కణికలలో నిలువ ఉన్న హార్మోనును విడుదల చేయిస్తాయి. రక్తంలో ఆక్సిటోసిన్ ఆయుష్షు కొద్ది నిమిషాలే. అందువల్ల పశువు చేపిన వెంటనే, మధ్యలో ఆపకుండా పాలు తీయాలి. బెదిరిన ఆవులో అడ్రినలిన్ ప్రభావం వల్ల పాలు దిగడం ఆగిపోతుందని ఎలీ, పీటర్సన్ 1941లోనే నిరూపించారు. పాలు తీసేవేళ కర్ర ఝళిపించడం, కుక్కను దగ్గరికి రానివ్వడం, కొత్త మనుషులు చుట్టూ చేరడం నష్టదాయకం.

సూది ఈ సహజ క్రమాన్ని తప్పించి, హార్మోనును నేరుగా రక్తంలో నింపుతుంది. తాత్కాలికంగా పాలు దిగుతాయి. అయితే ఆక్సిటోసిన్ పాలను తయారు చేయదు. ఉన్న పాలను దించుతుంది. రోజూ సూది వేసిన పశువులలో క్రమంగా సహజ ప్రేరణకు స్పందన తగ్గి, సూది లేనిదే పాలు దిగని స్థితి ఏర్పడుతుందని ఆవులపై జరిగిన పరిశోధనలు చూపాయి. ఆ పశువును సంతకు తోలినప్పుడు ధర తగ్గేది రైతుకే. శుభ్రత లేని సూదుల వల్ల గడ్డలు, అంటువ్యాధులు అదనపు నష్టం.

పాలు తాగేవారి విషయంలో భయాన్ని పెంచడం కూడా శాస్త్రీయం కాదు. ఆక్సిటోసిన్ పెప్టైడ్ కనుక జీర్ణాశయ ఎంజైముల వల్ల చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. సూదికి అభ్యంతరం చెప్పడానికి పశువు ఆరోగ్యం, రైతు నష్టం, చట్టం అనే మూడు గట్టి కారణాలు ఉన్నాయి. నిరూపణ లేని నాల్గవ కారణాన్ని చేర్చితే మొదటి మూడింటి విలువ తగ్గుతుంది.

దూడను కోల్పోయిన గేదె విషయంలో రైతుకు చెప్పదగిన పద్ధతి ఓర్పుతో కూడినది. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి, ఒకే చోట పాలు తీయాలి. గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి మర్దన చేయాలి. చేపడానికి ఆవు కంటే గేదెకు ఎక్కువ సమయం పడుతుంది కనుక తొందరపడకూడదు. దాణాలో కొంత భాగాన్ని పాలు తీసేవేళకే కేటాయించాలి. ఈనిన నాటి నుంచే దూడపై పూర్తిగా ఆధారపడకుండా చేతి స్పర్శకు అలవాటు చేస్తే, తరువాత ఏ ఆపద వచ్చినా ఇబ్బంది తగ్గుతుంది. అయినా ఫలితం లేకపోతే పశువైద్యుని సలహా తీసుకోవాలి.

చట్టం చెప్పేది

జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 12వ సెక్షన్ ప్రకారం, పాల కోసం పశువు ఆరోగ్యానికి హానికలిగించే ఏ ప్రక్రియ అయినా, ఏ పదార్థాన్ని సూది ద్వారా ఎక్కించడమైనా నేరం. వెయ్యి రూపాయల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకునే వీలు కూడా ఉన్నది. వైద్యుని చీటీ లేకుండా ఆక్సిటోసిన్ అమ్మకూడదు.

దుర్వినియోగాన్ని అరికట్టే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్ 27న దేశీయ అవసరాలకు ఈ మందు తయారీని ప్రభుత్వ రంగానికే పరిమితం చేసింది. ప్రసవానంతర రక్తస్రావం నుంచి తల్లులను కాపాడే అత్యవసర ఔషధం కూడా ఇదే. కొరత ఏర్పడితే ప్రమాదమన్న వాదనను పరిగణించి, తగిన శాస్త్రీయ ఆధారం లేదని పేర్కొంటూ ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును 2018 డిసెంబరులో కొట్టివేసింది. తరువాత వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పశువుల కొట్టంలో దుర్వినియోగమయ్యే సీసా, ప్రసూతి గదిలో ప్రాణం నిలిపే సీసా ఒకటే అన్న సంగతి విస్తరణ శాస్త్రవేత్తలు మరువరాదు.

కాయకు సూది: సస్యశాస్త్ర దృష్టి

సొర, పుచ్చ వంటి కాయలకు ఆక్సిటోసిన్ ఎక్కిస్తే పెరుగుతాయన్న ప్రచారాన్ని పై సూత్రాల ఆధారంగా పరిశీలించవచ్చు. మొక్కలలో ఆక్సిటోసిన్ తయారుకాదు. న్యూరోఫైసిన్ లేదు. జంతువులలోని ఆక్సిటోసిన్ గ్రాహకమూ లేదు. తాళమే లేని తలుపుకు తాళంచెవి పనికిరాదు. ఏదైనా ఒక మొక్క ప్రోటీన్‌ను తీసుకొని ఆక్సిటోసిన్‌తో డాకింగ్ చేస్తే కంప్యూటర్ ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెను బట్టి మొక్కలో ఆ బంధం పనిచేస్తుందని భావించడం తగదు. సూది గుచ్చిన గాయం ద్వారా శిలీంధ్రాలు, బాక్టీరియా ప్రవేశించి కాయ కుళ్లిపోయే ప్రమాదం మాత్రం నిజమైనది.

మొక్కలకు వాటి సొంత పెప్టైడ్ హార్మోన్లు ఉన్నాయి. 1991లో టమాటాలో కనుగొన్న సిస్టెమిన్ 18 అమైనో ఆమ్లాల పెప్టైడ్. పురుగు ఆకు కొరికినప్పుడు మొక్క రక్షణ చర్యలను అది మేల్కొలుపుతుంది. సోయా చిక్కుడు వంటి పప్పుజాతి మొక్కలలో వేరు బుడిపెల సంఖ్య అదుపు తప్పకుండా చూసేవి సీఎల్‌ఈ కుటుంబపు పెప్టైడ్‌లు. వేరుశనగ విస్తారంగా సాగయ్యే ఈ జిల్లాలలో, పాలెం వ్యవసాయ కళాశాల వంటి చోట్ల చదివే విద్యార్థులకు పెప్టైడ్–గ్రాహక నమూనాల అధ్యయనం ఈ దిశలో ఎంతో ఉపయోగకరం. ఆక్సిటోసిన్–న్యూరోఫైసిన్ జంట అందుకు మంచి అభ్యాస పాఠం. దీని స్ఫటిక నిర్మాణం లభ్యం. ప్రతికూల పరీక్షలకు ప్రయోగ ఫలితాలు ఉన్నాయి. నమూనా తప్పితే తప్పినట్లు తెలిసిపోతుంది.

ముగింపు

న్యూరోఫైసిన్ ఆక్సిటోసిన్‌ను పట్టుకోవడమూ విడవడమూ ఒకే బంధపు రెండు పార్శ్వాలు. కణికలోని ఆమ్లత, గాఢత దానిని నిలుపుతాయి. రక్తంలో పలచబడటం దానిని విప్పుతుంది. కంప్యూటర్ నమూనా ఈ చిత్రాన్ని స్పష్టంగా చూపగలదు. అయితే ఆవేశాలు సరిగా ఇచ్చి, గాఢతను లెక్కలోకి తీసుకొని, ప్రతికూల పరీక్షలకు నిలిచినప్పుడే దాని మాటకు విలువ. విద్యార్థి నివేదికలో డాకింగ్ అంకె పక్కన పీహెచ్, గాఢత, గ్రాహకం, ప్రయోగ ఆధారం అనే నాలుగు గడులు తప్పక ఉండాలి. ఏ గడి ఖాళీగా ఉన్నా ఆ ఫలితం తదుపరి పరిశోధనకు సూచనగానే మిగలాలి. దానిని రైతుకు సిఫారసుగా చేరవేయరాదు.

రైతు వేదికలో వినిపించే మూడు ప్రశ్నలకు సమాధానం కూడా ఈ బంధంలోనే ఉన్నది. గేదె మెదడులో హార్మోను వాహకంతో కలిసి నిలువ ఉన్నది. దానిని బయటికి రప్పించేది దూడ స్పర్శ, గోరువెచ్చని నీరు, అలవాటైన చేయి. బయటి నుంచి ఎక్కించే సూది ఆ నిలువను వాడదు, పశువు అలవాటును మాత్రం చెరుపుతుంది. పాలలోని పెప్టైడ్ జీర్ణాశయంలో చాలావరకు విచ్ఛిన్నమవుతుంది కనుక తాగేవారిని భయపెట్టవలసిన పని లేదు. ఇక కాయలో ఆ హార్మోనుకు చోటే లేదు.